అరవైల నాటి పాప్ రికార్డు కొనేముందు

అరవైల నాటి రికార్డులు సేకరించాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట: ముందు ఒక చిన్న గిరి గీసుకోండి. ఆ పదేళ్లలో వచ్చిన రికార్డులు లెక్కలేనన్ని. కనిపించినదల్లా కొంటూ పోతే ఇల్లు నిండుతుంది, జేబు ఖాళీ అవుతుంది, ఏ ఒక్కదాని మీదా పట్టు మాత్రం రాదు. ఒక కంపెనీనో, ఒక బృందాన్నో, మూడు నాలుగేళ్ల కాలాన్నో పట్టుకోండి. నేను పట్టుకున్నది ఇంగ్లండ్‌లో ఈఎంఐ సంస్థ పార్లోఫోన్ అనే లేబుల్ (బ్రాండు పేరు) మీద 1962 నుంచి 1969 దాకా తెచ్చిన మోనో రికార్డులు, అంటే ధ్వనంతా ఒకే దారిలో వచ్చేవి. అందులోనూ బీటిల్స్ ఎక్కువ, తర్వాత హాలీస్ అనే ఇంకో బృందం. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఆ గిరిలోంచే చెబుతాను. మీరు డెక్కా (Decca) కంపెనీనో, పై (Pye) అనే కంపెనీనో పట్టుకున్నా చూసే పద్ధతి ఇదే, గుర్తులు మాత్రం వేరు.

మాది తెనాలి. ఉద్యోగం కోసం వచ్చి బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాను. ఇక్కడ ఆదివారం పొద్దున్నే పొలాల్లో, స్కూలు మైదానాల్లో కార్ బూట్ సేల్ పెడతారు. ఇంట్లో అక్కర్లేని సామానంతా కారు డిక్కీలో వేసుకొచ్చి, ముందొక టేబుల్ వేసి అమ్ముకుంటారు. తడి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని అట్టపెట్టెల్లో వెతకడం నాకు అక్కడే అలవాటైంది. అమ్మేవాళ్లు చెప్పే మాట, అట్ట మీద బొమ్మ, ఫోన్‌లో కనిపించే ధర, వీటన్నిటికంటే నమ్మకమైన సాక్షి రికార్డే. అది ఎప్పుడు తయారైందో, ఎన్నో విడత అచ్చో, ఎలాంటి ఇంట్లో ఎలాంటి ముల్లు కింద నలిగిందో అంతా దాని మీదే ఉంటుంది. చదవడం వస్తే చాలు.

మోనోయా, స్టీరియోయా?

కొత్తవాళ్లు దాదాపు అందరూ స్టీరియో అంటే మెరుగైనది అనుకుంటారు. అరవైల పాప్ విషయంలో చాలావరకు తిరగబడి ఉంటుంది. అప్పట్లో బ్రిటన్‌లో కుర్రకారు ఇళ్లల్లో ఉన్నది ఒక్క స్పీకరున్న చిన్న ప్లేయర్. రేడియో కూడా మోనోనే. కాబట్టి బీటిల్స్, వాళ్ల నిర్మాత జార్జ్ మార్టిన్ శ్రద్ధంతా మోనో మిక్స్ (గొంతులూ వాయిద్యాలూ కలిపి చేసే చివరి రూపం) మీదే పెట్టారు. 1967లో వచ్చిన సార్జంట్ పెప్పర్స్ ఆల్బమ్ మోనో మిక్స్‌కి బృందం దగ్గరుండి పని చేయించుకుంది. స్టీరియో మిక్స్ వాళ్లు లేకుండానే, తక్కువ సమయంలో అయిపోయింది. ఇక బీటిల్స్ మొదటి రెండు ఎల్పీలు (పెద్ద ఆల్బమ్ రికార్డులు) రెండు ట్రాకుల టేపు మీద రికార్డు చేసినవి. వాటి స్టీరియో వింటే గొంతులు ఒక పక్క, వాయిద్యాలు ఇంకో పక్క విడిపోయి ఉంటాయి. అదే పాట మోనోలో వినండి, డ్రమ్సూ గిటారూ గొంతూ అన్నీ కలిసి ఒక్కసారిగా మీద పడతాయి. నా మటుకు నాకు ఆ పాట అంటే అదే.

ధర సంగతి వేరు. తొలి ఏళ్లలో స్టీరియో తక్కువ అమ్ముడైంది కాబట్టి ఇవాళ అది అరుదు, ఖరీదు. వినడానికి కొనేవాళ్లకి ఇది మంచిదే, మోనో కాస్త అందుబాటులో ఉంటుంది. 1968 వచ్చేసరికి లెక్క మారిపోయింది. అమెరికాలో ఆ ఏడాదే మోనో ఎల్పీలు దాదాపు ఆగిపోయాయి, బ్రిటన్‌లో కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం సాగలేదు. అందుకే 1968 నవంబరులో వచ్చిన బీటిల్స్ తెల్ల అట్ట డబుల్ ఆల్బమ్ విషయంలో మోనో కాపీయే అరుదు.

లేబుల్, నల్ల పట్టీ

రికార్డు చేతికి రాగానే ముందు చూడాల్సింది మధ్యనున్న గుండ్రటి కాగితం, దాన్నీ లేబుల్ అనే అంటారు. బీటిల్స్ మొదటి ఎల్పీ ప్లీజ్ ప్లీజ్ మీ 1963 మార్చి 22న వచ్చింది. మోనో నంబరు పీఎంసీ 1202, స్టీరియో నంబరు పీసీఎస్ 3042. మొదట్లో వేసినవాటికి నల్ల లేబుల్ మీద బంగారు రంగు అక్షరాలు. కొద్ది వారాల్లోనే పార్లోఫోన్ లేబుల్ మారి నలుపు మీద పసుపు వచ్చింది. ఆ బంగారు అక్షరాల్లో కూడా రెండు విడతలున్నాయి. వాళ్ల సొంత పాటల కింద ప్రచురణకర్త పేరు డిక్ జేమ్స్ అని ఉంటే ముందుది, నార్తర్న్ సాంగ్స్ అని ఉంటే తర్వాతది. బంగారు లేబుల్ మోనోకే వందల పౌండ్లు పలుకుతుంది. బంగారు లేబుల్ స్టీరియో అయితే వేలల్లో మాట. అలాంటిది కార్ బూట్ సేల్‌లో దొరుకుతుందని ఆశపడి వెళ్లకండి. దొరికినప్పుడు గుర్తుపట్టగలిగితే చాలు.

లేబుల్ అంచు చుట్టూ చిన్న అక్షరాల్లో ఉండే వాక్యం చాలామంది చదవరు. అది ‘పార్లోఫోన్ కంపెనీ లిమిటెడ్’ అని మొదలైతే 1965కి ముందు అచ్చు అనుకోవచ్చు. ఆ ఏడాదిలోనే దాన్ని ‘గ్రామఫోన్ కంపెనీ లిమిటెడ్’ అని మార్చారు. అంటే 1963 నాటి ఆల్బమ్ మీద గ్రామఫోన్ కంపెనీ అని ఉంటే అది మొదటి అచ్చు కాదు, పాట పాతదే అయినా ప్లేటు తర్వాతది. అరవైల మధ్య నుంచి 1969 దాకా లేబుల్ మధ్యలో ‘సోల్డ్ ఇన్ యూకే’ అని మొదలయ్యే ఒక వరుస కనిపిస్తుంది, ఈ రికార్డు నిర్ణయించిన ధరకే అమ్మాలని దాని భావం. 1969లో పసుపు పోయి వెండి రంగు అక్షరాలు, ఈఎంఐ అని ఒక చిన్న డబ్బా గుర్తు వచ్చాయి. కాస్త ఆగి రెండు డబ్బాలు అయ్యాయి. రెండు డబ్బాలు కనిపిస్తే అది డెబ్బైలలోది. వినడానికి హాయిగా కొనుక్కోండి, అరవైల ధర మాత్రం పెట్టకండి.

రంగు ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు. 2014లో బీటిల్స్ మోనో ఆల్బమ్‌లు మళ్లీ వేసినప్పుడు పాత లేబుళ్లనే పోలినట్టు వేశారు. అవి అసలు టేపుల నుంచి, మధ్యలో డిజిటల్ అన్నది లేకుండా చేసినవి, చక్కగా ఉంటాయి. పాట కోసమే అయితే మొదటి కొనుగోలు అదే చేయమని కూడా చెబుతాను.

ఇప్పుడు అసలు విషయం. చివరి పాట అయిపోయాక లేబుల్ దాకా నున్నగా ఒక నల్ల పట్టీ ఉంటుంది. డెడ్ వాక్స్ అంటారు. వెలుతురుకి వంచి చూస్తే అందులో అంకెలు, అక్షరాలు గుద్ది ఉంటాయి. నా దగ్గరున్న హార్డ్ డేస్ నైట్ ఒక వైపు ఇలా ఉంది: కింద ఎక్స్ఈఎక్స్ 481-3ఎన్. ఇది మ్యాట్రిక్స్ నంబరు. ఎక్స్ఈఎక్స్ అంటే మోనో ఎల్పీ, స్టీరియో అయితే వైఈఎక్స్ అని ఉంటుంది. 481 ఆ వైపుకి ఇచ్చిన నంబరు. గీత తర్వాతున్న 3, టేపు నుంచి లాకర్ అనే పూత వేసిన పళ్లెం మీద పాటల్ని ఎన్నోసారి చెక్కినప్పటిదో చెబుతుంది. ఇక్కడ తొందరపడొద్దు. 1 ఉంటేనే మొదటి అచ్చు అని చాలామంది పట్టుబడతారు. కానీ ఈ ఆల్బమ్ 1964 జూలైలో విడుదలైనప్పుడు వచ్చిన మోనో రికార్డులే 3ఎన్‌తో వచ్చాయి. ఏ ఆల్బమ్‌కి ఏ నంబరు మొదటిదో విడివిడిగా తెలుసుకోవాల్సిందే. డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఒక్కో అచ్చుకీ ఈ నంబర్లు ఇస్తారు, అక్కడ సరిపోల్చుకోండి.

ఆ మ్యాట్రిక్స్ నంబరు గడియారంలో ఆరు దగ్గర ఉండేలా రికార్డు పట్టుకోండి. తొమ్మిది దగ్గర ఒక అంకె ఉంటుంది, మూడు దగ్గర ఒకటో రెండో మూడో అక్షరాలుంటాయి. నా కాపీలో తొమ్మిది దగ్గర 1, మూడు దగ్గర ఏ, ఓ. లాకర్ పళ్లెం నుంచి లోహపు అచ్చు తీస్తారు, దాని నుంచి మదర్ అనే ప్లేటు, దాని నుంచి స్టాంపర్. ఈ స్టాంపర్‌తోనే వినైల్ అనే ప్లాస్టిక్ ముద్దని నొక్కి రికార్డు తయారుచేస్తారు. స్టాంపర్ అరిగిపోతుంది కాబట్టి వరుసగా కొత్తవి చేస్తూనే ఉంటారు. తొమ్మిది దగ్గరున్న అంకె మదర్‌ది. మూడు దగ్గరున్న అక్షరాలు స్టాంపర్ వరుస సంఖ్య. ఈఎంఐ వాళ్లు దాన్ని పది అక్షరాల్లో దాచారు: జి, ఆర్, ఏ, ఎమ్, ఓ, పి, హెచ్, ఎల్, టి, డి. జి అంటే 1, ఆర్ అంటే 2, అలా టి దాకా 9, డి అంటే సున్నా. కాబట్టి ఏ, ఓ అంటే 35. మొదటి మదర్ నుంచి తీసిన 35వ స్టాంపర్ కింద పుట్టిన ప్లేటు నా చేతిలో ఉందన్నమాట. లండన్ పక్కన హేస్ ఫ్యాక్టరీలో ఆ రోజు ప్రెస్సు దగ్గర నిలబడ్డ మనిషి చేతికి ఎంత దగ్గరగా వచ్చామో అనిపిస్తుంది. తక్కువ నంబరంటే తొలి రోజుల్లోది, అంతే. నంబరు చిన్నదైనంత మాత్రాన సౌండ్ బాగుంటుందన్న హామీ లేదు.

ఈ నంబర్లు తెలిస్తే లాభం ఏమిటో రెండు ఉదాహరణలు చెబుతాను. 1965 డిసెంబరులో వచ్చిన రబ్బర్ సోల్ మోనోలో మొదటి విడత, అంటే రెండు వైపులా గీత తర్వాత 1 ఉన్నవి, ఎక్కువ జోరుగా చెక్కారు. తర్వాత ఆ జోరు తగ్గించి మళ్లీ చెక్కారు. పక్కపక్కన పెట్టి వింటే బేస్ గిటారులో తేడా ఎవరికైనా తెలుస్తుంది. 1966 ఆగస్టు నాటి రివాల్వర్ మోనో రెండో వైపు ఎక్స్ఈఎక్స్ 606-1 అని ఉంటే అందులో చివరి పాట వేరే మిక్స్. దాన్ని వెంటనే ఆపేసి సరైన మిక్స్‌తో మళ్లీ వేశారు. బయట నుంచి చూస్తే రెండు కాపీలకీ అట్ట ఒకటే, లేబుల్ ఒకటే. పట్టీ మీద ఒక్క అంకె తేడా.

నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డుల్లోనూ ఇంతే. 1962 అక్టోబరు 5న వచ్చిన బీటిల్స్ మొదటి సింగిల్ లవ్ మీ డూ ముందు ఎర్ర లేబుల్‌తో వచ్చింది. అందులో డ్రమ్స్ వాయించింది బృందంలోని రింగో. తర్వాత నల్ల లేబుల్‌తో వేసినప్పుడు ఆండీ వైట్ అనే ఆయన వాయించిన టేక్ వాడటం మొదలుపెట్టారు. రేడియో వాళ్లకి పంపడానికి వేసిన 250 డెమో కాపీల్లో బృందంలోని మెకార్ట్నీ పేరు స్పెల్లింగే తప్పు పడింది. వాటిని కొనేవాళ్లు వేరే లోకం మనుషులు.

గాడులు ఎలా చూడాలి

మొదటి అచ్చే దొరికినా గాడులు (ముల్లు నడిచే సన్నటి చాళ్లు) అరిగిపోతే దాన్ని గోడకి తగిలించుకోవాల్సిందే. అరవైల పాప్ రికార్డులు పిల్లల ఆస్తి. పార్టీల్లో, బరువైన ముల్లున్న ఆటో ఛేంజర్ల మీద ఒకదాని మీద ఒకటి పడేసి వాయించినవి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం రికార్డులు ఆ కాలానివైనా కొత్తవాటిలా దొరుకుతాయి, పాప్ అలా దొరకదు. ఇక్కడ ఓపిక కావాలి.

పట్టుచీర కొనేటప్పుడు గుమ్మం దగ్గరకి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూసినట్టే రికార్డునీ వెలుతురులోకి తీసుకెళ్లండి. అంచునీ లేబుల్‌నీ మాత్రమే పట్టుకోండి, గాడుల మీద వేలు పడకూడదు. నల్లగా నిగనిగలాడాల్సిన చోట బూడిద రంగు తిరిగితే అది దుమ్ము కాదు, అరుగుదల. ఎంత కడిగినా పోదు. గీతలు రెండు రకాలు. వెంట్రుకలాగా పైపైన కనిపించేవి చాలావరకు వినిపించవు. గోటికి తగిలే గీత ఉంటే మాత్రం ప్రతి చుట్టుకీ టిక్కు మంటుంది. గాడుల మీద గీకకుండా, గోటి మొనతో అతి తేలిగ్గా తాకి చూడండి, లోతు తెలుస్తుంది. లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ సన్నటి గీతలు చూడండి. చీకట్లో తడుముకుంటూ ఇరుసు మీద పెట్టినప్పుడల్లా ఒక గీత పడుతుంది. ఎక్కువగా ఉంటే ఆ రికార్డు ఎంత తిరిగిందో ఊహించుకోవచ్చు. చివరగా అంచు కంటి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తే వంకర ఉందో లేదో తెలుస్తుంది.

వాయించి చూసే అవకాశం ఉంటే మొదటి పాట కాదు, ప్రతి వైపూ చివరి పాట వినండి. లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, అదే సమయంలో పట్టే సంగీతం ఇరుకు జాగాలో సర్దుకోవాల్సి వస్తుంది. అరుగుదల ముందు బయటపడేది అక్కడే. గొంతు ‘స’ అన్నప్పుడు బరబర మంటే వదిలేయండి. మధ్యమధ్య చిటపటల సంగతి వేరు, కడిగితే సగం పోతాయి.

అమ్మకాల్లో నియర్ మింట్, ఎక్సలెంట్, వీజీ అని గ్రేడులు రాస్తారు. బ్రిటన్‌లో ఒక లెక్క, అమెరికాలో గోల్డ్‌మైన్ పత్రిక లెక్క, రెండూ కొద్దిగా వేరు. వీజీ అంటే ‘వెరీ గుడ్’ అని మోసపోవద్దు. గీతలు కనిపిస్తాయి, చిటపటలు వినిపిస్తాయి అని దానర్థం. ఆన్‌లైన్‌లో కొంటుంటే డెడ్ వాక్స్ ఫోటో, వెలుతురులో గాడుల ఫోటో అడగండి. ఇవ్వని మనిషి దగ్గర కొనను.

అట్టకి కూడా విలువుంది. ఆ కాలపు బ్రిటిష్ అట్టలకి ముందు వైపు మెరిసే పొర, వెనక వైపు మడిచి అతికించిన అంచులు ఉంటాయి. తెల్ల అట్ట ఆల్బమ్ తొలి విడతలకి నోరు పైకి ఉంటుంది, ముందు వైపు వరుస సంఖ్య, లోపల పోస్టరు, నాలుగు ఫోటోలు. రింగో దగ్గరున్న 0000001 నంబరు కాపీ 2015లో వేలంలో 7,90,000 డాలర్లకి పోయింది. సార్జంట్ పెప్పర్స్‌లో కత్తిరించుకునే బొమ్మల కాగితం ఉండాలి. 1968లో స్మాల్ ఫేసెస్ బృందం పొగాకు డబ్బాలా గుండ్రటి అట్టతో ఒక ఆల్బమ్ తెచ్చింది. అతుకుల దగ్గర చిరగకుండా దొరికితే అదృష్టమే. అయినా చిరిగిన అట్టలో మంచి రికార్డు, అందమైన అట్టలో అరిగిన రికార్డు రెండూ ఎదురుగా ఉంటే ఆలోచించకుండా మొదటిదే తీసుకుంటాను.

ఎక్కడ వెతకాలి

ఇంగ్లండ్‌లో ఉంటే కార్ బూట్ సేళ్లు, ఆక్స్‌ఫామ్ లాంటి ఛారిటీ షాపులు, ఊరూరా జరిగే రికార్డు ఫెయిర్లు. ఛారిటీ షాపు పెట్టెల్లో సౌండ్ ఆఫ్ మ్యూజిక్ సినిమా పాటలు, గాయకుడు జిమ్ రీవ్స్ రికార్డులు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. అవి బాగా అమ్ముడైనవి, అందుకే ఇప్పటికీ అంతటా ఉన్నాయి. వాటి వెనకాలే చెయ్యి పెట్టి చివరిదాకా చూడాలి. ఇంగ్లండ్ బయట బేరమాడేటప్పుడు నకిలీల మీద కన్నేసి ఉంచండి. అమెరికాలో వీ-జే లేబుల్ మీద వచ్చిన ఇంట్రడ్యూసింగ్ ద బీటిల్స్‌కి దొంగ కాపీలు లెక్కలేనన్ని. లేబుల్ మీద ఆల్బమ్ పేరు, బృందం పేరు రెండూ మధ్య రంధ్రానికి పైనే ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే అది నకిలీ.

ఇండియాలో ఉన్నవాళ్లకి వేరే నిధి ఉంది. ఈఎంఐకి చెందిన గ్రామఫోన్ కంపెనీ, అంటే ఇప్పటి సారెగామ, కోల్‌కతా దగ్గర దమ్‌దమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్, గాయకుడు క్లిఫ్ రిచర్డ్ రికార్డులు అచ్చువేసింది. చాలావాటి డెడ్ వాక్స్‌లో ఇంగ్లండ్ మ్యాట్రిక్స్ నంబర్లే కనిపిస్తాయి. బ్రిటన్‌లో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం రికార్డులు అరవైల మొదట్లోనే ఆగిపోయాయి గానీ, మన దగ్గర కరెంటు లేని ఇళ్లల్లో కీ ఇచ్చే గ్రామఫోన్లు అప్పటికింకా తిరుగుతుండేవి. అందుకని బీటిల్స్ పాటల్ని కూడా 78ల మీద వేశారు. ప్రపంచం నలుమూలల సేకర్తలు వాటి కోసం వెతుకుతారు. కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్, ముంబయి చోర్ బజార్‌లో మటన్ స్ట్రీట్ చూడండి. సికింద్రాబాద్ లాలాగూడ లాంటి రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి, ఆ ఇళ్లల్లో ఈ పాటలు మోగేవి. పాత సామాను తీసేస్తున్నారని తెలిస్తే మర్యాదగా అడగండి, ఉన్న విలువ చెప్పి కొనండి. తెలియని పెద్దావిడ దగ్గర అరుదైన ప్లేటు చిల్లర డబ్బులకి పట్టుకొచ్చేవాళ్లంటే నాకు గౌరవం లేదు.

కడగడం, వాయించడం, దాచడం

ఇంటికి తెచ్చిన రికార్డు కడగకుండా ముల్లు పెట్టకండి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకట్రెండు చుక్కల వాసన లేని లిక్విడ్ సోప్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. గాడుల వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి నిలబెట్టి ఆరనివ్వండి. 78ల మీద స్పిరిట్ గానీ ఆల్కహాల్ గానీ ఎప్పుడూ వాడొద్దు, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

సూట్‌కేసులా మూసే చవక ప్లేయర్లు అందంగా ఉంటాయి గానీ వాటి ముల్లు బరువు ఎక్కువ. అరవై ఏళ్లు బతికిన రికార్డుని దాని కింద పెట్టకండి. ముల్లు బరువు రెండు గ్రాముల లోపు సర్దుకునే టర్న్‌టేబుల్ కొనండి, పాతదైనా ఫర్వాలేదు. మోనో రికార్డులో పాటంతా గాడి అటూ ఇటూ కదలడంలోనే ఉంటుంది. పైకీ కిందకీ కదిలితే వచ్చేది దుమ్ము, అరుగుదల చప్పుడే. ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, సగం చిటపటలు అక్కడికక్కడ మాయమవుతాయి. 78లకి వేరే లావు ముల్లు తప్పనిసరి.

రికార్డులు నిలువుగానే పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. పీవీసీ కవర్లు ఏళ్ల మీద రికార్డు మీదికి మబ్బులా దిగుతాయి, పాలిథీన్ వాడండి. తీరప్రాంతపు తేమకి అట్టలకి బూజు పడుతుంది. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి వానాకాలంలో మారుస్తూ ఉండండి. మే నెలలో విజయవాడలోనో రెంటచింతలలోనో ఎండలో ఆపిన కారులో రికార్డు ఒక్క గంట ఉంచినా వంకర పోతుంది, మళ్లీ సరి కాదు. ఇక్కడి నుంచి ఊరికి తీసుకెళ్లేటప్పుడు నేను రికార్డుని అట్టలోంచి బయటికి తీసి, తెల్ల కవరుతో అట్ట వెనకాల పెట్టి, రెండు వైపులా గట్టి అట్టలు వేసి చేతి బ్యాగులోనే పెట్టుకుంటాను. లోపలే ఉంచితే కుదుపులకి రికార్డు అంచు తగిలి అట్ట అతుకు చీలుతుంది.

ప్రతి రికార్డుకీ ఒక నోటుబుక్కులో మ్యాట్రిక్స్ నంబర్లు, మదర్, స్టాంపర్, కొన్న చోటు, ధర, కడిగిన తేదీ రాసుకోండి. అట్ట మీద మాత్రం పెన్నుతో పేరు రాయకండి, ధర స్టిక్కర్ అంటించకండి. పాత స్టిక్కర్ ఏదైనా ఉంటే గోటితో పీకకుండా హెయిర్ డ్రయర్‌తో కొద్దిగా వెచ్చబెట్టి, మెల్లగా ఒక మూల నుంచి తీయండి. అదీ మెరిసే పొర ఉన్న ముందు వైపు మాత్రమే. వెనక వైపు ఉత్త కాగితం, దాన్ని అలాగే వదిలేయండి.